యోగశాలల గొలుసు



యోగమనగా మనవారికి క్రొత్త మాట కాదు. తెల్లవారుజామున లేచి, స్నానము చేసి, తూర్పుమొగముగా కూర్చుండి ప్రాణాయామము చేయు వృద్ధులు మన గ్రామములందు నేటికిని కనబడుచునే యున్నారు. తండ్రియో తాతయో నేర్పగా నేర్చినవారే గాని, వారిలో చాలమంది అందులకై రుసుము చెల్లించి యెఱుగరు. అట్టి విద్య సముద్రములు దాటి, అద్దెగదులలో నెలచందాకు నేర్పబడి, ఊరూరను శాఖలు వేసి, కంపెనీ వాటాల రూపమున బజారున అమ్ముడుపోయి, తుదకు దివాలా పత్రములలో జేరిన చరిత్ర యొకటి కలదు. అమెరికాదేశమున జరిగిన యా కథను నేడు మీకు వివరింప దలచితిని.

ఇది కేవలము పరదేశపు వింత యని త్రోసివేయదగినది కాదు. మన పట్టణములలోను నెలచందా యోగశాలలు వెలయుచున్నవి. శాఖ పెట్టెదము, స్థలమిండు, సొమ్ము పెట్టుబడి పెట్టుడు అని యడుగువారు పెద్దలయొద్దకే వత్తురు. గొలుసు ఎట్లు పెరుగునో, ఏ చోట తెగునో ముందు తెలిసికొనియున్నచో, అట్టివారిని అడుగవలసిన ప్రశ్నలు మనకు తోచును.

మొదట యోగము అచ్చటికి పోయిన త్రోవను చెప్పెదను. 1893లో వివేకానందస్వామి చికాగో సర్వమత మహాసభలో ప్రసంగించిరి. 1920లో పరమహంస యోగానందస్వామి బోస్టను నగరము చేరిరి. వీరు ముఖ్యముగా బోధించినది వేదాంతము, ధ్యానము. ఆసనములను వృత్తిగా నేర్పు శాల హాలీవుడ్డులో 1947 ప్రాంతమున వెలసినది. దానిని స్థాపించినది ఇంద్రాదేవి యను ఐరోపా స్త్రీ. ఆమె మైసూరులో తిరుమలై కృష్ణమాచార్యులవారియొద్ద శిష్యరికము చేసెను. అదే గురువుయొద్ద నేర్చిన బి.కె.యస్. అయ్యంగారు 1966లో ఆసనములను చిత్రములతో వివరించు గొప్ప గ్రంథమును ప్రకటించిరి. ఆ గురువునకే శిష్యుడైన పట్టాభి జోయిస్ 1975లో కాలిఫోర్నియాకు పోయి తన పద్ధతిని నేర్పిరి. ఇంతవరకు యోగము ఒక మనుష్యునినుండి మఱియొక మనుష్యునికి చేరుచు వచ్చినది. గురువెవరని యడిగినచో శిష్యుడు పేరు చెప్పగలిగెడివాడు.

1987లో కాలిఫోర్నియాలోని సాంటా మోనికా పట్టణమున యోగావర్క్స్ అను యోగశాల వెలసెను. దానిని నెలకొల్పినవారిలో మేటీ ఎజ్రాటీ, చక్ మిల్లర్ అనువారు పట్టాభి జోయిస్ శిష్యులు. అయ్యంగారి పద్ధతివారు, జోయిస్ పద్ధతివారు, ఇతరులు ఒకే కప్పు క్రింద పాఠములు చెప్పుట ఆ శాల ప్రత్యేకత. ఉపాధ్యాయులను తయారు చేయుటలో దానికి మంచి పేరు వచ్చినది. ఇదియే తరువాతి గొలుసునకు తొలి కొక్కెము.

ఒక మంచి శాల నిండినప్పుడు అది యేల గొలుసు కావలసి వచ్చును? దీనిని మన వీధిబడితో పోల్చి చూతము. ఒక అరుగు, ఒక పంతులు, ఇరువదిమంది పిల్లలు. నలువదిమంది వచ్చినచో అరుగు చాలదు. ఎనుబదిమంది వచ్చినచో పంతులు చూపు చాలదు. యోగశాలయు నట్టిదే. నలువది చాపలు పట్టు గదిలో నలువదియొకటవ చాపకు చోటు లేదు. పైగా ఉద్యోగములు గలవారు ఉదయమునను సాయంకాలమునను వత్తురే గాని, నడిపొద్దు వేళ రాజాలరు. ఆ వేళ గది చాలవఱకు ఖాళీగా నుండును. ఖాళీగా నున్న గంటలకును అద్దె మాత్రము తప్పదు. వడ్లు మిక్కుటముగా వచ్చినపుడు బియ్యపుమర యజమాని రాత్రులందును మరను నడిపి లాభము తీయవచ్చును. యోగశాల యజమాని నడిరేయి శిష్యులను పిలువజాలడు.

కావున గది నిండిన పిమ్మట రాబడి పెరుగుటకు త్రోవలు కొన్నియే. మొదటిది నెలచందా. పూట పూటకు డబ్బిచ్చువాడు రాని దినమున ఇయ్యడు. నెలచందాదారుడు వచ్చినను రాకున్నను ఇచ్చును. చందా కట్టి రానివారు ఎక్కువగా నున్నకొలది, నలువది చాపల గదికి నలువదికంటె ఎన్నో రెట్లు చందాదారులను చేర్చుకొనవచ్చును. ఇచ్చట నొక చిక్కు గలదు. శిష్యుడు ప్రతిదినము రావలెనని కోరుట గురువు ధర్మము. అందఱును ప్రతిదినము వచ్చినచో చందాల లెక్క తలక్రిందులగును.

రెండవది ఉపాధ్యాయ శిక్షణ. 1999లో అమెరికాలో యోగా అలయన్స్ అను సంఘము ఏర్పడి, 200 గంటల శిక్షణ పొందినవారిని ఉపాధ్యాయులుగా నమోదు చేయు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చెను. ఒక పాఠమునకు వచ్చువాడు కొద్ది డాలర్లిచ్చును. ఉపాధ్యాయుడు కాగోరువాడు వేల డాలర్లిచ్చును. అందుచేత అనేక శాలలకు పాఠములకంటె శిక్షణయే లాభసాటి యయ్యెను. కాని శిక్షణ పొందిన ప్రతివానికిని తిరిగి శిష్యులు కావలెను గదా! ఒక శాల ఏటేట ముప్పదిమందిని తయారు చేసినదనుకొందము. వారికందఱకును ఆ శాలలో కొలువు దొరకదు. కొందఱు తక్కువ కూలికి పాఠములు చెప్పుదురు. కొందఱు ఎదురు వీధిలో తమ శాల తెఱతురు. ఈ విధముగా గొలుసు తన పోటీదారును తానే పెంచి పోషించును.

మూడవది మఱియొక గది, మఱియొక ఊరు. దీనికి పెట్టుబడి కావలెను. పెట్టుబడి పెట్టువాడు యోగమును చూచి పెట్టడు, పెరుగుదలను చూచి పెట్టును. నేడు కొన్నది రేపు హెచ్చుధరకు అమ్ముడుపోవలెను. అందుచేత ఒకసారి పరుల సొమ్ము చేరిన పిమ్మట, ఉన్నచోట బాగుగా నుండుట అను మాటకు విలువ తగ్గి, శాఖల సంఖ్యకే విలువ హెచ్చును.

యోగావర్క్స్ విషయమున జరిగినది ఇదియే. 2003 ప్రాంతమున స్థాపకులు దానిని ఇంటర్నెట్టు వ్యాపారములో ఆరితేరిన యిరువురికి అమ్మివేసిరి. వారు న్యూయార్కు మొదలగు నగరములకు దానిని విస్తరింపజేసిరి. 2014లో గ్రేట్ హిల్ పార్ట్‌నర్స్ అను పెట్టుబడి సంస్థ దానిని కొనెను. 2017 ఆగస్టు నెలలో కంపెనీ వాటాలను నాస్‌డాక్ అను వాటాల బజారున అమ్మకమునకు పెట్టిరి. మొదట ఒక్కొక్క వాటాకు 12 డాలర్లకు తక్కువ కాకుండ వచ్చునని ఆశించిరి. కొనువారు ముందునకు రాలేదు. తుదకు 5 డాలర్ల 50 సెంట్లకు అమ్మిరి. ఆ సొమ్ముతో ఇతర పట్టణములలోని చిన్న శాలలను కొని తమలో కలుపుకొనిరి. శాఖలు డెబ్బది వరకు పెరిగెను. నష్టము మాత్రము తీరలేదు.

ఈ నష్టము యోగము చేయువారు తగ్గినందున వచ్చినది కాదు. ఒక సర్వే లెక్క ప్రకారము అమెరికాలో యోగాభ్యాసము చేయువారు 2012లో 2 కోట్ల 4 లక్షలు; 2016లో 3 కోట్ల 67 లక్షలు. జనము పెరుగుచున్నను గొలుసు నష్టపోయినది. ఏలయన, చిన్న శాలను కొన్నవాడు గోడలను, చాపలను, చందాదారుల పట్టికను కొనగలడు. శిష్యులు ఎవనికొఱకు వచ్చుచుండిరో ఆ గురువును కొనజాలడు. గురువు వేఱొక వీధికి పోయినచో శిష్యులును వెంట పోవుదురు. అద్దె మాత్రము వెంట పోదు. అది కొన్నవాని మెడకే చుట్టుకొని యుండును.

2019లో యోగావర్క్స్ తన వాటాలను నాస్‌డాక్ బజారునుండి ఉపసంహరించుకొనెను. ఆ సంవత్సరముననే మేటీ ఎజ్రాటీ కాలధర్మము నొందెను. 2020లో కోవిడు మహమ్మారి వచ్చి, నలుగురు ఒక గదిలో ఊపిరి పీల్చుటయే ప్రమాదకరమైనపుడు, శాలలన్నియు మూతపడెను. ఏప్రిల్ నెలలో న్యూయార్కు శాఖలు శాశ్వతముగా మూయబడెను. అక్టోబరులో కంపెనీ దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించి, తక్కిన శాలలనుగూడ మూసివేసెను. మిగిలిన పేరును, దూరమునుండి చూచి నేర్చుకొను పాఠములను ఇతరులు కొనిరి. మహమ్మారి లేకున్నచో కొంతకాలము నిలిచియుండునేమో. కాని వరదలో మొదట కూలునది పునాది బలహీనమైన గోడయే గదా.

ఇక రెండవ గొలుసు కథ. దీనిని పెంచినది పెట్టుబడిదారులు గారు, ఒక గురువు పేరు. యోగానందస్వామి తమ్ముడు బిష్ణు చరణ్ ఘోష్ 1923లో కలకత్తాలో వ్యాయామ కళాశాలను నెలకొల్పిరి. ఆయన శిక్షణలోని ఆసనములు మూలముగా, కలకత్తానుండి పోయిన బిక్రమ్ చౌదరి 1970ల నాటినుండి లాస్ ఏంజిలిస్ ప్రాంతమున ఒక పద్ధతిని నేర్పుచు వచ్చిరి. 105 డిగ్రీల ఫారన్‌హీటు వేడిగల గదిలో, 90 నిమిషములు, 26 ఆసనములు, రెండు శ్వాసక్రియలు. ఏ ఊరి శాలకు పోయినను అదే వరుస, అవే మాటలు. 1994 మొదలు ఆయన ఉపాధ్యాయ శిక్షణ లీయ సాగిరి. తొమ్మిది వారముల శిక్షణకు రుసుము రానురాను పదివేల డాలర్లను మించెను. శిక్షణ పొందినవారు దేశదేశములలో ఆ పేరుతో వందలకొలది శాలలు తెఱచిరి.

పేరు పెరిగినకొలది ఆ 26 ఆసనముల వరుస తన సొత్తని, తన యనుమతి లేక ఇతరులు నేర్పరాదని ఆయన వాదించి, అట్లు నేర్పువారిపై వ్యాజ్యములు వేసిరి. ఒక కవి తన కావ్యమునకు గ్రంథస్వామ్యము పొందినట్లు ఆసనముల వరుసకును పొందవచ్చునని ఆయన వాదము. ఇది మన దేశమున గొప్ప కలవరము పుట్టించెను. మన ప్రభుత్వము 2001లో ఆరంభించిన సంప్రదాయ విజ్ఞాన భాండారమున వైద్యముతోపాటు యోగాసనములనుగూడ ప్రాచీన గ్రంథముల యాధారముతో చేర్చిరి. ఎవడైన వచ్చి ఇది నేను కనిపెట్టితినని చెప్పినచో, కాదు, ఇదిగో పూర్వగ్రంథమని చూపుటకే యీ యేర్పాటు.

2015 అక్టోబరులో అమెరికాలోని తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యములో ప్రతివాదులు ఆయనయొద్దనే శిక్షణ పొందినవారు. తీర్పులోని న్యాయము మనకు సులభముగా బోధపడును. వంటల పుస్తకము వ్రాసినవాడు తన వాక్యములపై హక్కు పొందవచ్చును. ఆ పుస్తకము చూచి మీరు పులుసు కాచుకొన్నచో మిమ్ము నిలుపజాలడు. ఆసనముల వరుస ఆరోగ్యమునకై చేయు ఒక పద్ధతి గాని కావ్యము కాదు. పుస్తకముపై హక్కు గలదు. పద్ధతిపై లేదు.

ఆ పిమ్మట ఆ గొలుసు తెగుటకు న్యాయస్థానపు తీర్పుకంటె ఘోరమైన కారణము వచ్చినది. శిక్షణ పొందిన పలువురు స్త్రీలు ఆయనపై లైంగిక దౌర్జన్యము ఆరోపించుచు వ్యాజ్యములు తెచ్చిరి. 2016 జనవరిలో, లైంగిక వేధింపును, అన్యాయపు తొలగింపును గూర్చి ఆయన పూర్వపు న్యాయసలహాదారు తెచ్చిన వ్యాజ్యములో లాస్ ఏంజిలిస్ జూరీ ఆమె పక్షమున తీర్పు చెప్పి, 70 లక్షల డాలర్లకు పైగా ఇప్పించెను. 2017లో ఆయన కంపెనీలు దివాలా రక్షణ కోరెను. అనేక శాలలు తమ బోర్డునుండి ఆ పేరును తుడిచివేసినవి. కాని అవే 26 ఆసనములను, అదే వేడిగదిలో, వేఱు పేరుతో నేటికిని నేర్పుచున్నవి. ఆసనములు మిగిలినవి, గొలుసు తెగినది. ఒక మనుష్యుని పేరుపై కట్టిన కట్టడము ఆ మనుష్యుని నడవడితోడనే పడిపోవును.

ఈ రెండు కథలనుండి నాకు తోచినదేమనగా, గొలుసు అమ్మునది యోగమును కాదు. ఆసనముల పద్ధతిపై ఎవనికిని గ్రంథస్వామ్యము లేదని న్యాయస్థానమే చెప్పినది. అది అమ్మునది యోగమున కమర్చిన చోటు, వేళ, పేరు. చోటునకు అద్దె గలదు. పేరునకు అపకీర్తి గలదు. ఆ రెంటిలో ఏది బరువైనను గొలుసు తెగును. యోగముచుట్టు అమ్మకమునకు నిలిచిన మఱియొక వస్తువును జూడుడు. 1998లో కెనడాలోని వాంకూవరునందు లులూలెమన్ అను బట్టల కంపెనీ ఆరంభమైనది. మొదట ఆ స్థలమున పగలు బట్టల పని, సాయంకాలము యోగపాఠములు జరిగెడివి. నేడు ఆ కంపెనీ ఏటి యమ్మకము వేయి కోట్ల డాలర్లను మించియున్నది. బట్టను గిడ్డంగిలో దాచవచ్చును, ఓడపై పంపవచ్చును. గురువు చూపును అట్లు మూటకట్టి పంప వీలులేదు. యోగముతో సంపన్నుడైనవాడు పంతులు గాక బట్టలవర్తకుడగుటలో ఆశ్చర్యమేమి?

గొలుసులన్నియు చెడ్డవని నేను చెప్పుట లేదు. 2002లో డెన్వరు నగరమున మొదలైన కోర్‌పవర్ యోగా అను సంస్థ 200కు పైగా శాలలతో నిలిచియున్నది. పరిచయస్థులెవ్వరు లేని మహానగరమున ఒక స్త్రీ ఒంటరిగా పోయి, వేళ తప్పక తెఱచియుండు శుభ్రమైన గదిలో, వెఱపు లేక నేర్చుకొనుటకు వీలుండుట చిన్న మేలు కాదు. మన గురువులు చాలమంది స్త్రీలకు, దూరపు కులములవారికి తలుపు తెఱువని కాలమొకటి యుండెను. రుసుము చెల్లించినవారికెల్ల తలుపు తెఱచిన యీ శాలలు ఆ మేరకు మెచ్చదగినవే. అయితే రుసుము లేనివానికి ఆ తలుపు మూసియే యుండును.

సుమారు 15వ శతాబ్ది నాటి హఠయోగప్రదీపిక యోగికి కావలసిన చోటును వర్ణించుచు, ఆవుపేడతో అలికిన చిన్న కుటీరము చాలునని చెప్పుచున్నది. అందు వివరింపబడిన ఆసనములు పదునైదే. 2014లో ఐక్యరాజ్యసమితి జూను 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించెను. 2025లో ఆ దినమున మన విశాఖపట్టణపు సముద్రతీరమున లక్షలకొలది జనులు చాపలు పఱచుకొని ఆసనములు వేసిరి. అద్దె లేదు, చందా లేదు. అయితే ఒక్కదినపు సమ్మర్దము అభ్యాసము కాదు. మఱునాటి యుదయమున ఎవరు నేర్పుదురు, ఎచ్చట నేర్పుదురు అనునదే అసలు ప్రశ్న. కుటీరమునకును సముద్రతీరమునకును నడుమ ఒక నిలుకడయైన చోటు కావలెను. ఆ కొఱతను జూచియే గొలుసులు పుట్టుచున్నవి.

ఆ చోటు మన గ్రామములందు లేకపోలేదు. పాఠశాల వరండా ఉదయము ఆరు గంటలకు ఖాళీగానే యుండును. దేవాలయ మండపము కలదు, పంచాయతి భవనము కలదు. అద్దె బరువు లేనిచోట పంతులునకు ఇచ్చు కొద్ది జీతము ఊరివారు పంచుకొన్నను భారము కాదు. ఊరి కులములన్నిటికిని, స్త్రీలకును అందులో చోటుండునట్లు చూచుట మాత్రము పెద్దల బాధ్యత.

కాదు, శాఖయే పెట్టెదమని ఎవరైన మీ స్థలమును గాని సొమ్మును గాని అడుగవచ్చినచో, నాలుగు ప్రశ్నలడుగుడు. నేర్పువాడెవడు, అతనికి నేర్పినదెవడు? పంతులు మానివేసినచో శిష్యులు నిలుతురా? ఆదాయము పాఠములవలన వచ్చునా, క్రొత్త పంతుళ్లను చేర్చుకొని శిక్షణ రుసుము తీసికొనుటవలన వచ్చునా? ఆరు నెలలు తలుపు మూయవలసివచ్చినచో అద్దె ఎవరు చెల్లింతురు? ఈ నాలుగింటికి తడబడక సమాధానము చెప్పువానితో మాట సాగింపుడు. చెప్పలేనివానికి మజ్జిగ ఇచ్చి, నమస్కారము చేసి పంపుడు.